గన్నవరం నుంచి శంషాబాద్: 264 కిలోమీటర్లకు గంటా పది నిమిషాలు ఎందుకు?

గుంటూరు నుంచి సికింద్రాబాద్‌కి విమానంలో వెళ్తే ఎంతసేపట్లో చేరతాం, 264 కి.మీ.కే టికెట్ మీద గంటా పది ఎందుకు చూపిస్తోంది అన్నది మీ ప్రశ్న.

264 అనేది గన్నవరం (విజయవాడ), శంషాబాద్ (హైదరాబాద్) విమానాశ్రయాల మధ్య అతి దగ్గరి దూరం. విమానం అచ్చంగా ఆ గీత మీదే ఎగరదు. టికెట్ మీది సమయం కూడా గాల్లో ఉండే సమయం కాదు. గన్నవరంలో విమానం ఆగి ఉన్న చోటు నుంచి కదిలిన దగ్గర్నుంచి శంషాబాద్‌లో ఆగేదాకా లెక్క. ఈ దారిలో ఎక్కువగా తిరిగే ఏటీఆర్ 72 (ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం) వేగం పైకెక్కాక గంటకు 500 కి.మీ. పైచిలుకు. ఆ వేగంతోనే మొత్తం పోతే అరగంట చాలు. కానీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అంత వేగం ఉండదు.

అసలు తేడా గాలి దగ్గర వస్తుంది. రెండుచోట్లా రన్‌వేలు ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంటాయి. విమానం ఎదురుగాలికి లేస్తుంది, ఎదురుగాలికే దిగుతుంది. నైరుతి రుతుపవనాల రోజుల్లో పడమటి గాలి కాబట్టి ఇక్కడ లేచింది లేచినట్టే హైదరాబాద్ వైపు పోయి, నేరుగా దిగిపోతుంది. తూర్పుగాలి వీచే రోజున ముందు ఉంగుటూరు వైపు లేచి వెనక్కి తిరగాలి. శంషాబాద్‌లోనేమో విమానాశ్రయం దాటి పడమరకు పోయి, మళ్లీ మలుపు తీసుకుని దిగాలి. పది నిమిషాలు ఇట్టే పోతాయి. ఆ వ్యవధి కూడా కలిపే టికెట్ మీద సమయం వేస్తారు.

చేత్తో లెక్కేసుకోవాలంటే: ఏటీఆర్ అయితే దూరాన్ని 480తో, జెట్ అయితే 800తో భాగించి, వచ్చిన గంటలకు 35 నిమిషాలు కలపండి. గన్నవరం నుంచి ఢిల్లీ దాదాపు 1,390 కి.మీ., జెట్‌లో రెండుంబావు గంటల పైన. బెంగళూరు దాదాపు 500 కి.మీ., గంటా పది, గంటంబావు.

ఇక ఇంటి నుంచి ఇంటికి. గుంటూరు నుంచి మంగళగిరి, వారధి, బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు మీదుగా గన్నవరం సుమారు 55 కి.మీ. తెల్లవారుజామున గంటంబావు, సాయంత్రం రామవరప్పాడు దగ్గర ఇరుక్కుంటే రెండు గంటలు. బ్యాగేజీ కౌంటర్ సాధారణంగా బయల్దేరే టైముకు గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు అక్కడుండాలి. ఆపైన ప్రయాణం గంటా పది, లగేజీకి అరగంట, శంషాబాద్ నుంచి సికింద్రాబాద్‌కి గంట. మొత్తం దాదాపు ఐదున్నర గంటలు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆరు గంటల పైమాటే. గుంటూరులో ఆగే తిరుపతి–సికింద్రాబాద్ వందేభారత్ నాలుగు గంటల అటూ ఇటూగా సికింద్రాబాద్‌లోనే దింపుతుంది. ఊళ్లో పనికైతే నా ఓటు రైలుకే.

శంషాబాద్‌లో ఇంకో విమానం ఎక్కాలంటే మాత్రం గన్నవరం నుంచే వెళ్లండి. రెండూ ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద తీసుకోండి, మొదటిది ఆలస్యమైతే రెండో దాని బాధ్యత విమాన సంస్థదే అవుతుంది. విడివిడిగా కొంటే లగేజీ తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, మధ్యలో కనీసం మూడు గంటలు పెట్టుకోండి. ఏటీఆర్‌లో పైఅరలు చిన్నవి, పెద్ద ట్రాలీ పట్టదు. మెట్ల దగ్గరే తీసుకుని లగేజీ గదిలో వేస్తారు, మందులు, కాగితాలు చేతిసంచిలోకి మార్చుకోండి. డిసెంబరు, జనవరిలో పొద్దున్నే గన్నవరంలో పొగమంచు పడితే వచ్చే విమానం దిగలేక గాల్లోనే తిరుగుతుంది, ఒక్కోసారి వెనక్కీ పోతుంది. ఆ నెలల్లో మధ్యాహ్నం కనెక్షన్ ఉంటే ముందురోజు సాయంత్రం విమానమే తీసుకోండి.