మీ కెమెరా ప్రశ్నలు: వ్యూఫైండర్ ఉన్నదా, లేనిదా?

ప్రశ్న: అన్నా, నేను తిరుపతిలో టీచర్‌ని. ఇన్నాళ్లూ ఫోనుతోనే ఫొటోలు తీశాను. పగలు బాగానే వస్తాయి గానీ సాయంత్రం ఇంట్లో మా అక్క కూతురు ఆడుకుంటుంటే తీస్తే మొహమంతా అలుక్కుపోతోంది. వచ్చే గంగమ్మ జాతరలో వేషాలన్నీ మంచి కెమెరాతో తీయాలని ఆశ. లెన్సుతో కలిపి 80 వేల దాకా పెట్టగలను. షాపులో కెనాన్ ఆర్50, నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10 మూడూ చూపించి, ఏది తీసుకున్నా ఒకటేనమ్మా అన్నారు. నిజంగా ఒకటేనా? వీడియోలు పెద్దగా తీయను.
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఒకటే కాదమ్మా. మీరు రాసినదాన్ని బట్టి ఆర్50 తీసుకోండి.

ఫొటో నాణ్యత వరకే అయితే షాపాయన మాట చాలావరకు నిజం. మూడింట్లోనూ ఉన్నది ఏపీఎస్-సీ అనే సైజు సెన్సరే (వెలుతురుని ఫొటోగా మార్చే చిప్పు), కెనాన్‌లో 22.3 × 14.9 మిల్లీమీటర్లు, మిగతా రెండింట్లో ఒక పిసరు పెద్దది. మెగాపిక్సెల్స్ రెండింట్లో 24, నికాన్‌లో దాదాపు 21. ఆ తేడా చూసి బుర్ర పాడు చేసుకోకండి, గోడకి పెద్ద ఫ్రేము కట్టించినా ఎవరూ కనిపెట్టలేరు. మనుషుల కళ్లని వెతికి ఫోకస్ చేయడం మూడింటికీ వచ్చు.

తేడా అంతా వ్యూఫైండర్ దగ్గర ఉంది. ఆర్50కి కంటికి ఆనించుకుని చూసే కిటికీ ఉంది, మిగతా రెండింటికీ లేదు, వెనక స్క్రీనే దిక్కు. షాపులో ఏసీ గదిలో చూస్తే అది లోటనిపించదు. మన జాతరేమో మే నెలలో. ఆ ఎండలో నడిరోడ్డు మీద నిలబడితే స్క్రీన్ మీద మీ మొహం తప్ప ఇంకేమీ కనపడదు.

ఇది మీకు మరీ ఎందుకు ముఖ్యమంటే, మీరు తీయబోయేవి వేషాలు. కెమెరా ఏ దృశ్యం చూసినా వెలుతురుని మధ్యస్థంగా ఉండే బూడిద రంగు దగ్గరికి లాగుతుంది, దానికి తెలిసింది అంతే. భైరాగి వేషం రోజు ఒళ్లంతా తెల్లగా నామకొమ్ము పూసుకున్న మనిషి ఫ్రేము నిండా ఉంటే, వెలుతురు ఎక్కువైపోయిందనుకుని తగ్గించేస్తుంది, తెలుపు కాస్తా మాసిన బట్టలా వస్తుంది. తోటి వేషం రోజు బొగ్గు పూసుకున్నవాళ్లని చూసి చీకటనుకుని పెంచేస్తుంది, నలుపు వెలిసిపోయి వెనక ఎండంతా తెల్లగా పేలిపోతుంది. దీనికి మందు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అనే ప్లస్ మైనస్ సెట్టింగు. తెల్ల వేషానికి ప్లస్ 1 వైపు, నల్ల వేషానికి మైనస్ 1 వైపు జరపాలి. ఈ మూడూ మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరాలు. వీటిలో ఉన్న సుఖం ఏమిటంటే జరిపిన ఫలితం బటన్ నొక్కకముందే వ్యూఫైండర్‌లో కనపడుతుంది, అద్దం ఉండే పాత డీఎస్‌ఎల్ఆర్ కిటికీలోంచి చూస్తే అది తెలిసేది కాదు. జెడ్30, జెడ్‌వీ-ఈ10 కూడా స్క్రీన్ మీద చూపిస్తాయి, కాకపోతే ఆ ఎండలో మీరు దాన్ని చూడగలగాలి కదా. మీకు కళ్లజోడు ఉంటే వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, అక్షరాలు స్పష్టంగా కనపడేదాకా తిప్పుకోండి. కొన్నవాళ్లలో సగం మంది దాన్ని ముట్టుకోరు, కెమెరా మసకగా ఉందని షాపుకి తిరిగొస్తారు!

మొహం నిండా రంగులుంటే కళ్లు వెతికే ఫోకస్ ఒక్కోసారి తడబడొచ్చు. అప్పుడు ఫోకస్‌ని ఒక్క పాయింట్‌కి మార్చి మీరే కంటి మీద పెట్టుకోండి. గుంపులో ఇదే నయం, లేకపోతే వెనక ఐస్‌క్రీం తింటున్నాయన మొహం మీదికి పోతుంది.

ఇక మీ అక్క కూతురి సంగతి. ఇక్కడ ఏ కెమెరా కొన్నా, దానితో వచ్చే లెన్సు మిమ్మల్ని నిరాశ పెడుతుంది, ముందే చెప్తున్నా. ఆర్50తో వచ్చే 18-45 లెన్సుని 45 దాకా జూమ్ చేస్తే దాని కన్ను ఎఫ్ 6.3 వరకే తెరుచుకుంటుంది (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దగా తెరుచుకున్నట్టు). ఎఫ్ 1.8 లెన్సు దానికి 12 రెట్లు వెలుతురు లోపలికి పంపుతుంది. ట్యూబ్‌లైటు కింద పరుగెత్తే పిల్లకి ఆ 12 రెట్లే ప్రాణం. లెన్సులో స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారు షాపువాళ్లు, అది మీ చేతి వణుకుని ఆపుతుంది గానీ పిల్లని ఆపదు. పిల్ల అలుక్కుపోకుండా ఉండాలంటే షట్టర్ స్పీడ్, అంటే వెలుతురు లోపలికొచ్చే సమయం, సెకనులో 250వ వంతు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండాలి, దానికి వెలుతురు కావాలి.

అందుకని 80 వేలూ ఒకేసారి ఖర్చు పెట్టకండి. రెండు లెన్సుల కిట్ అని పొడవాటి జూమ్ అంటగడతారు, వద్దనండి. 18-45తో కెమెరా తీసుకుని, మిగిలినదానికి ఇంకాస్త కలిపి తర్వాత ఎఫ్ 1.8 లెన్సు ఒకటి కొనండి. కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 చవకైనది, మొహాలకి బ్రహ్మాండంగా ఉంటుంది, అయితే ఈ చిన్న సెన్సర్ మీద అది 80 ఎంఎం లెన్సులా పనిచేస్తుంది, అంటే ఇంకాస్త జూమ్ చేసినట్టు చూపిస్తుంది కాబట్టి చిన్న గదిలో పిల్ల నిలువెత్తు ఫొటో కావాలంటే మీరు వంటింట్లోకి నడవాలి. ఇంట్లో తీయడమే ఎక్కువైతే సిగ్మా 30 ఎంఎం ఎఫ్ 1.4 మేలు, ధర ఎక్కువే. సిగ్మా లెన్సులు కెనాన్ ఆర్ఎఫ్‌కి (ఆర్50కి లెన్సు బిగించే చోటు పేరు అది) రావడం 2024లోనే మొదలైంది. అంతకుముందు ఈ ప్రశ్న అడిగుంటే, బయటి కంపెనీల లెన్సులు కుప్పలుగా దొరుకుతాయి కాబట్టి సోనీ వైపు వెళ్లమనేవాణ్ని.

మిగతా రెండూ చెడ్డవని కాదు. కెమెరా ముందు నిలబడి మాట్లాడే వీడియోలకి జెడ్‌వీ-ఈ10 మంచిది, జెడ్30 పట్టు చేతికి హాయిగా ఉంటుంది. వీడియోలు పెద్దగా తీయనని మీరే అన్నారు కాబట్టి వాటిని వదిలేశాను.

కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు, ఇండియా వారంటీ అడగండి, పెట్టె మీది సీరియల్ నంబరూ కెమెరా కింది నంబరూ కలుస్తున్నాయో చూడండి. 'షాపు వారంటీ' అంటే అది బయటి దేశం సరుకని అనుమానించండి. బ్యాటరీ చిన్నది, జాతర రోజుకి రెండోది కావాలి. తిరుమల గుడిలోకి కెమెరా పోనివ్వరని మీకు నేను చెప్పక్కర్లేదు, దర్శనం రోజు ఇంట్లోనే ఉంచండి, ఆ టెన్షన్ ఎందుకు.

ప్రశ్న: మా బాబాయి తన నికాన్ డీ5600, రెండు లెన్సులతో 20 వేలకి ఇస్తానంటున్నాడు. డీఎస్‌ఎల్ఆర్ కాలం అయిపోయిందని ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. కొనొచ్చా?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: కొనేయండి, నవ్వేవాళ్లని నవ్వనివ్వండి. 2016లో వచ్చిన 24 మెగాపిక్సెల్ కెమెరా అది, నేర్చుకోవడానికి ఏ లోటూ లేదు, బ్యాటరీ విషయంలో అయితే కొత్త చిన్న మిర్రర్‌లెస్‌లు దాని దరిదాపుల్లోకి రావు. 4కె వీడియో లేదు, స్క్రీన్ చూస్తూ తీస్తే ఫోకస్ నత్తనడక. రేపు నికాన్ మిర్రర్‌లెస్‌కి మారాలనుకుంటే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టి ఈ లెన్సుల్నే వాడొచ్చు, వాటి మీద ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో రాసుంటే ఆటోఫోకస్ కూడా పనిచేస్తుంది.

డబ్బులిచ్చే ముందు లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే ఫంగస్. మనకి అక్టోబర్, నవంబర్ వానల్లో బీరువాలో బట్టల మధ్య పెట్టిన లెన్సులకి ఇదే జరుగుతుంది. మీరు మాత్రం గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోండి. బాబాయి కాబట్టి బేరం ఆడలేరు, ఫంగస్ ఉంటే మాత్రం ఆడండి.

ప్రశ్న: ఆర్50తో వచ్చిన 18-45తో నేలపట్టు పక్షుల కేంద్రంలో పక్షుల్ని తీయొచ్చా?
- ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: చెట్లని తీయొచ్చు. పక్షులు మాత్రం చుక్కల్లా వస్తాయి. గూడబాతులు గూళ్లు కట్టే చెట్లు నీళ్లలో దూరంగా ఉంటాయి, దగ్గరికి వెళ్లడానికి వీల్లేదు, వెళ్లకూడదు కూడా. కెనాన్ 55-210 కూడా అక్కడ సగం దూరమే. డబ్బుంటే ఆర్ఎఫ్ 100-400 చూడండి, బరువు 635 గ్రాములే, మీ సెన్సర్ మీద 640 ఎంఎం లెన్సులా పనిచేస్తుంది. చివర్లో ఎఫ్ 8 కాబట్టి మబ్బు పట్టిన పొద్దున ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో ఫొటోని వెలుగుగా చేసే సెట్టింగు) పెంచక తప్పదు. కొనే ముందు ఎక్కడైనా ఒక రోజు అద్దెకి దొరుకుతుందేమో కనుక్కుని, చలికాలంలో పొద్దున్నే వెళ్లి చూడండి.