1996లో పుట్టినవాళ్లు మిలీనియల్సా, జెన్ జీనా?

అమెరికాలో సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్కలో 1981 నుంచి 1996 దాకా పుట్టినవాళ్లు మిలీనియల్స్, 1997 నుంచి జెన్ జీ. ఆ ప్రకారం 1996లో పుడితే మీరు మిలీనియలే. కానీ 1996 డిసెంబర్ 31న పుట్టినవాళ్లకీ, మర్నాడు పుట్టినవాళ్లకీ తేడా ఏముంటుంది? 2001 సెప్టెంబర్ 11 దాడులు గుర్తుండే వయసుందా లేదా అన్నది ఆ గీతకు చెప్పిన కారణాల్లో ఒకటి. అది అమెరికా కొలత. ఇంకో దేశంలో పెరిగినవాళ్లకి దాన్ని ఉన్నదున్నట్టు తగిలించకూడదు.

బేబీ బూమర్స్ (1946–1964) సంగతి వేరు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే అమెరికాలో జననాలు ఎగబాకి, 1960ల మధ్యకొచ్చేసరికి తగ్గాయి. ఆ గీత జనన లెక్కల్లోనే కనిపిస్తుంది. మిగతా తరాల పేర్లకి అంత గట్టి ఆధారం లేదు.

పుట్టిన ఏడాది కన్నా, దెబ్బ తగిలినప్పుడు మీ వయసెంత అన్నదే ముఖ్యం. అమెరికా సామాజిక శాస్త్రవేత్త గ్లెన్ ఎల్డర్ పరిశీలించిన, కాలిఫోర్నియాలోని రెండు ఊళ్ల పిల్లల్నే చూడండి. ఓక్లాండ్ పిల్లలు 1920–21లో పుట్టారు, బర్క్‌లీ పిల్లలు 1928–29లో. రెండు గుంపులనీ తాకింది 1930ల నాటి ఒకటే ఆర్థిక మాంద్యం. వయసులో పెద్దవాళ్లైన ఓక్లాండ్ పిల్లలకి అప్పటికే బాల్యం కాస్త నిశ్చింతగా గడిచింది. కష్టకాలంలో చిన్నాచితకా పనులు చేసి ఇంటికి ఆసరా అయ్యారు. చిన్నవాళ్లైన బర్క్‌లీ పిల్లలు ఇంకా అమ్మానాన్నల మీదే ఆధారపడే వయసులో చిక్కుకున్నారు. వాళ్లలో మగపిల్లల మీద దెబ్బ ఎక్కువగా పడింది. ఎనిమిదేళ్ల తేడా ఇంత పని చేసింది.

ఇక అందరూ చేసే పొరపాటు: ఒకే ఏడాది సర్వే తీసుకుని 20 ఏళ్లవాళ్లని 40 ఏళ్లవాళ్లతో పోల్చి, “ఇది తరాల తేడా” అనేయడం. అది వయసు తేడా కూడా కావచ్చు కదా. 2020లో 20 ఏళ్లున్నవాళ్లని 2000లో 20 ఏళ్లున్నవాళ్లతో పోల్చాలి. అప్పుడు వయసు ప్రభావం పక్కకి పోతుంది. అయినా ఆ 20 ఏళ్లలో అందరికీ మారిన కాలం మిగిలే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే 1980లో పుట్టినవాళ్లు 2000లో ఏమన్నారో, 2020లో ఏమంటున్నారో కూడా చూడండి. కొత్త కుర్రాళ్లు మారినట్టే వాళ్లూ మారి ఉంటే, అది తరం గుణం అనడం కష్టం.

అయితే ఇక్కడా వయసు పెరగడం, కాలం మారడం కలిసే ఉంటాయి. సర్వే చేసిన ఏడాదిలోంచి వయసు తీసేస్తే పుట్టిన సంవత్సరం వచ్చేస్తుంది కాబట్టి, ఈ మూడింటినీ లెక్కతో పూర్తిగా విడదీయలేం. ఏదో ఒక ఊహ పెట్టుకోక తప్పదు. “జెన్ జీ ఉద్యోగాలు తెగ మారుస్తారు” లాంటి మాట కనబడితే, ఇదే వయసులో ముందువాళ్లు ఎన్ని మార్చారో ఆ వ్యాసంలో ఉందేమో వెతకండి. లేకపోతే ఆ మాటని నమ్మకండి.