పాఠకుల ప్రశ్నలు: వంతెన కింది బొమ్మలు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలోని శాన్ డియేగోలో ఉంటున్నారు. కిందటి వేసవిలో మేము వెళ్లినప్పుడు ఒక పెద్ద వంతెన కింద ఉన్న పార్కును చూపించారు. స్తంభాల నిండా బొమ్మలే. రైతులు, ఈకలున్న పాము, అమ్మవారు, తుపాకి పట్టిన వీరులు కనిపించారు. దాని పేరు చికానో పార్కు అన్నారు గాని, కథ వారికీ పూర్తిగా తెలియదు. వంతెన కింద పార్కు ఎందుకు వచ్చింది? ఆ బొమ్మలు ఎవరు వేశారు?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ఆ పార్కు ఎవరో కట్టించి ఇచ్చినది కాదు, పేటవాసులు బుల్డోజర్లకు అడ్డంగా నిలబడి దక్కించుకున్న నేల అది. ఆ పేట పేరు లోగన్ హైట్స్. పార్కు ఉన్న భాగాన్ని ఇప్పుడు బారియో లోగన్ అంటారు. స్పానిష్ భాషలో బారియో అంటే పేట అనే అర్థం. 1910లో మొదలైన మెక్సికో విప్లవ కాలంలో సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాలు ఎన్నో అక్కడ స్థిరపడి, చేపలను డబ్బాలకెత్తే కర్మాగారాల్లోను, ఓడలు కట్టే యార్డుల్లోను పనిచేసుకుంటూ బతికాయి. సముద్రపు పాయ వారి వీధుల చివరనే ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళం, పరిశ్రమలు ఆ ఒడ్డును తీసుకోవడంతో నీటి దగ్గరకు వెళ్లే దారి మూసుకుపోయింది. విశాఖలోని సింధియా, మల్కాపురం ప్రాంతాలను ఎరిగిన మన పాఠకులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

అంతటితో ఆగలేదు. 1950లలో ఆ ప్రాంతాన్ని పరిశ్రమలకు కూడా అనుమతించే మండలంగా మార్చడంతో ఇళ్ల పక్కనే తుక్కు యార్డులు వచ్చి చేరాయి. 1963లో జాతీయ రహదారి ఒకటి పేటను నిలువునా రెండుగా చీల్చింది. 1969లో మీరు చూసిన ఆ కొరొనాడో వంతెన ప్రారంభమయ్యేసరికి, ఒకప్పుడు ఇళ్లున్న చోట కాంక్రీటు స్తంభాల వరుసలు నిలిచాయి. ఇన్ని పోగొట్టుకున్నవారు ప్రభుత్వాన్ని అడిగింది ఒక్కటే: ఆ స్తంభాల మధ్య మిగిలిన నేలలో ఒక పార్కు. ఇస్తామన్న మాటయితే వచ్చింది గాని పని మొదలు కాలేదు.

1970 ఏప్రిల్ 22న మారియో సోలిస్ అనే కళాశాల విద్యార్థి అటుగా వెళ్తూ బుల్డోజర్లు నేలను చదును చేస్తుండడం చూశాడు. పార్కు పని మొదలైంది కాబోలనుకొని అడిగితే, అక్కడ కట్టబోయేది హైవే పోలీసు కేంద్రమని తెలిసింది. అతడు ఆ కబురును కళాశాలకు, ఇంటింటికి చేరవేశాడు. విద్యార్థులు, తల్లులు, ముసలివారు, పిల్లలు వచ్చి యంత్రాల చుట్టూ చేతులు కలిపి నిలబడ్డారు. కొందరు పలుగూ పారా పట్టుకొని అక్కడికక్కడే పూలమొక్కలు, నాగజెముడు నాటడం మొదలుపెట్టారు. నాకు ఈ ఉదంతంలో అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. పార్కు కావాలని అరవడంతో సరిపెట్టుకోకుండా, వారు ఆ రోజే అక్కడ పార్కు పని ప్రారంభించారు. పన్నెండు రోజులు ఆ చోటు విడిచి కదలలేదు. చివరకు అధికారులు చర్చలకు దిగి, పోలీసు కేంద్రాన్ని విరమించుకొని ఆ నేలను పార్కుకు వదలడానికి ఒప్పుకున్నారు.

విశాఖలో ఉక్కు కర్మాగారం స్థాపిస్తామని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించినది అదే 1970లో, ఏప్రిల్ 17న. రెండింటికీ నడుమ ఐదు రోజులే తేడా. 1966 నాటి ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదాన్ని తమ గొంతుతో పలికినవారు మన నగరంలో ఇంకా ఉన్నారు కనుక, ఇచ్చిన మాట నిలబెట్టించుకోవడానికి జనం వీధిలోకి రావడమంటే ఏమిటో మనకు పుస్తకాలు చెప్పవలసిన పని లేదు.

ఇక బొమ్మల సంగతి. ఆ పేటలోనే పెరిగిన సాల్వడార్ టోరెస్ అనే చిత్రకారుడు ఆందోళన రోజుల్లోనే ఒక మాట చెప్పాడు. తమ ఇళ్లను తొలగించి నిలబెట్టిన ఈ స్తంభాలనే తమ చరిత్రకు గోడలుగా చేసుకుందామన్నాడు. 1973లో రంగులు పడ్డాయి. విక్టర్ ఓచోవా, గియెర్మో అరాండా, మారియో టొరేరో వంటి చిత్రకారులతో పాటు, అంతకుముందు కుంచె పట్టి ఎరుగని పేటవాసులు కూడా చేయి వేశారు. నేడు సుమారు ఏడెకరాల ఆ పార్కులో 80కి పైగా చిత్రాలున్నాయి.

ప్రశ్న: చికానో అనే మాటకు అర్థం ఏమిటి? అది ఒక కులమా, జాతియా? ఆ చిత్రాల్లో పురాణ దేవతలు, కూలీలు ఒకే చోట ఎందుకు ఉంటారు?
– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: మెక్సికో మూలాలున్న అమెరికా పౌరులు తమకు తాము పెట్టుకున్న పేరు అది. ఒకప్పుడు ఇతరులు వారిని చులకన చేస్తూ వాడిన మాటనే 1960లలో యువతరం తలెత్తుకొని తమ పేరుగా స్వీకరించింది. 1848లో అమెరికా, మెక్సికోల యుద్ధం ముగిసి గ్వాడలూపే హిడాల్గో ఒప్పందం కుదిరినప్పుడు, కాలిఫోర్నియాతో సహా మెక్సికో భూభాగంలో పెద్ద భాగం అమెరికా వశమైంది. అక్కడ నివసిస్తున్నవారు ఇల్లు కదలకుండానే మరో దేశంలో ఉన్నవారయ్యారు. మేము సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది అని చికానోలు చెప్పుకునే మాట అందులోంచి వచ్చినదే.

రెండవ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. బడి పుస్తకాల్లో తమ చరిత్ర కనబడనివారు దాన్ని మొదటి నుంచి గోడ మీద రాసుకున్నారు. ఆ కథ మొదలయ్యేది మెక్సికోను ఒకప్పుడు ఏలిన అజ్టెక్ ప్రజల ఆదినివాసంగా చెప్పే అజ్ట్‌లాన్‌తోను, ఈకల సర్పమైన కెట్సల్‌కోవాటల్ దేవుడితోను. నడుమ మెక్సికోవారు కొలిచే మరియమాత రూపమైన గ్వాడలూపే మాత, దున్నేవారికే భూమి దక్కాలని పోరాడిన ఎమిలియానో జపాటా వస్తారు. ద్రాక్షతోటల కూలీలను సంఘటితం చేసిన సీజర్ చావెజ్, చిత్రకారిణి ఫ్రీడా కాలో ఆ తరువాతివారు. ఆ పరంపరలో పేట గొడవ కూడా చేరింది. ఇళ్ల మధ్య తుక్కు యార్డులు వద్దని జరిగిన ఉద్యమం 1970లలోనే ఒక స్తంభమెక్కింది. ‘పేట కావాలి, తుక్కు వద్దు’ అని దాని పేరును మన మాటల్లో చెప్పుకోవచ్చు. విప్లవానంతర మెక్సికోలో దియెగో రివేరా వంటివారు ప్రభుత్వ భవనాల గోడలపై ప్రజల చరిత్రను చిత్రించిన సంప్రదాయం ఈ కళాకారులకు పునాది. అయితే అక్కడ గోడలు ఇచ్చింది ప్రభుత్వం, ఇక్కడ గోడలు తీసుకున్నది పేట. ఆ తేడా చిన్నది కాదు.

ప్రశ్న: నేను బోర్డులు రాసే పెయింటరును. మన నగరంలో ఫ్లైఓవర్ స్తంభాలపై, బీచ్ రోడ్డు గోడలపై నేనూ బొమ్మలు వేశాను. ఉప్పుగాలికి పెచ్చులూడిపోతాయి, లేదా వాటి మీద పోస్టర్లు అంటిస్తారు. సముద్రం పక్కనే ఉన్న ఆ పార్కులో యాభై ఏళ్ల నాటి బొమ్మలు ఎలా నిలిచాయి?
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: రంగు వల్ల మాత్రమే నిలవలేదు. ఎండకు, గాలికి, కాంక్రీటులోని చెమ్మకు అక్కడా రంగు వెలిసింది, పగుళ్లు వచ్చాయి. 1980లలో ఒకసారి, 2011 ప్రాంతంలో మరోసారి చిత్రాలను పునరుద్ధరించారు. పాత చిత్రకారులు బతికి ఉన్నచోట వారే తిరిగి వచ్చి తమ బొమ్మలకు తామే రంగు వేశారు. 1990లలో భూకంపాలకు తట్టుకునేలా వంతెనను పటిష్ఠం చేయాలని రాష్ట్ర రవాణా శాఖ తలపెట్టినప్పుడు, ఆ పనిలో చిత్రాలు పోతాయేమోనని పేటవాసులు మళ్లీ కదిలారు. వంతెన బలపడాలి, బొమ్మ చెడకూడదు అనే షరతుకు ఇంజినీర్లు తమ పద్ధతిని సరిచేసుకోవలసి వచ్చింది.

1970లో ఏర్పడిన పార్కు నిర్వహణ సంఘం నేటికీ పనిచేస్తూనే ఉంది. స్తంభాలు ప్రభుత్వానివే అయినా, ఏ స్తంభం మీద ఏ బొమ్మ రావాలన్న విషయంలో ఆ సంఘం మాటకు విలువ ఉంది. 2016లో అమెరికా ప్రభుత్వం ఈ పార్కుకు జాతీయ చారిత్రక స్థల హోదా ఇచ్చింది. ఆ హోదా రావడానికి దాదాపు అర్ధశతాబ్దం పాటు ఆ నేలను ఊడ్చి, మొక్కలకు నీళ్లు పోసినవారు కారణం.

మీ బొమ్మల మీద పోస్టర్లు అంటించేవారి తప్పు ఉంది. అంటించనివ్వని కాపలా లేకపోవడం అంతకన్నా పెద్ద లోటు. గుత్తకు ఇచ్చి వేయించిన నెమలి బొమ్మను ఆ వీధివారు తమదనుకోవడానికి కారణమేమీ దొరకదు. అదే స్తంభం మీద జాలరిపేట తెప్పలో, ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన నిర్వాసిత గ్రామాల పేర్లో, మన్యంలో సవరలు ఎర్రమట్టి గోడపై తెల్లని పిండితో వేసే బొమ్మలో, ఆ మనుషులను అడిగి, వారి చేతనే సగం వేయించి చూడండి. పని ఆలస్యమవుతుంది, వాదులాటలు వస్తాయి. కాని పోస్టరు అంటించబోయే చేతిని పట్టుకోవడానికి ఎదురింటి గడపలో ఒక మనిషి ఉంటాడు.

ప్రశ్న: వచ్చే ఏప్రిల్‌లో మనవడిని చూడడానికి శాన్ డియేగో వెళ్తున్నాము. ఆ పార్కును ఎప్పుడు, ఎలా చూస్తే బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: ఏప్రిల్ 22కు దగ్గరగా వచ్చే శనివారం అక్కడ ఏటా పార్కు పండుగ జరుపుతారు. ఈకల కిరీటాలు ధరించిన అజ్టెక్ నర్తకుల ఆటలు, రంగులద్దిన పాతకాలపు కార్ల వరుసలు మీ మనవడికి తప్పక నచ్చుతాయి. బొమ్మలు చూడడం పూర్తయ్యాక అక్కడితో వెనుదిరగవద్దు. ‘అఖాతం దాకా’ అన్నది ఆ ఉద్యమపు మరో నినాదం. పార్కు నీటిని చేరేదాకా ఊరుకోమన్నారు. కొన్ని వీధులు దాటితే, ఆ పట్టుదల వల్ల తరువాతి కాలంలో ఏర్పడిన సీజర్ చావెజ్ పార్కు వస్తుంది. చుట్టూ ఓడల యార్డులే, వాటి నడుమ కొద్దిపాటి పచ్చిక, నీటి మీదికి సాగిన ఒక చిన్న వారధి. ఆ చివరిదాకా నడిచి, మనవడిని నీళ్లు చూడనివ్వండి.