మెరుగు పెట్టిన గాజుల బరువు తగ్గింది: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: తెనాలిలో మా అమ్మ ఒక్కతే ఉంటుంది. నాలుగు నెలల కిందట ఇద్దరు కుర్రాళ్లు తలుపు కొట్టి, పౌడర్ కంపెనీ వాళ్లమంటూ ఇత్తడి చెంబు, వెండి పట్టీలు ఉచితంగా తోమిపెట్టారు. అవి తళతళలాడేసరికి అమ్మ నమ్మి చేతి బంగారు గాజులు తీసిచ్చింది. మా ప్లాస్టిక్ మగ్గులోనే ఏవో నీళ్లు పోసి, గాజులు ముంచి, పసుపు పూసి ఇచ్చి వెళ్లారు. మొన్న తూకం వేయిస్తే 40 గ్రాములకు 31 ఉన్నాయి. అమ్మ టెన్షన్‌తో తిండి మానేసింది. బిల్లు లేదు. తెలిసిన షాపులో పాత తేదీతో రాయించి ఫిర్యాదు చేయవచ్చా?

జవాబు: వాళ్లు రాకముందు ఆ గాజుల బరువెంత? మీ కేసంతా దీని మీదే ఉంది. 40 గ్రాములని మీరు చెబితే చాలదు, కాగితం చెప్పాలి.

పాత తేదీ బిల్లు జోలికి మాత్రం వెళ్లకండి. కోర్టులో వాడేందుకు దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. మీ అమ్మను మోసగించిన వాళ్లకు సెక్షన్ 318(4) కింద పడే గరిష్ఠ శిక్షా ఏడేళ్లే. క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నించేటప్పుడు, షాపు లెక్కల పుస్తకం తెప్పిస్తే మీ అసలు కేసు కూడా పోతుంది.

ఆ గాజులు ఎప్పుడైనా బ్యాంకులో తాకట్టు పెట్టారా? పెట్టి ఉంటే బ్యాంకు తరఫున బంగారం విలువ కట్టే అప్రైజర్ తూచి రాసిన బరువు రికార్డులో ఉంటుంది. అప్పు తీరిపోయినా సరే, బ్రాంచికి లిఖితపూర్వకంగా రాసి నకలు అడగండి. కొన్న షాపులో అసలు బిల్లు కాపీ దొరికినా మంచిదే.

నాలుగు నెలలు ఊరుకోవడం మీ తప్పు. నేరానికి మూడేళ్లకు మించిన శిక్ష ఉంది కాబట్టి కాలపరిమితి అడ్డురాదు. కానీ ఎదురింటి సీసీ కెమెరా ఫుటేజీ ఈపాటికి చెరిగిపోయి ఉంటుంది. ఎవరైనా ఫోన్‌లోకి ఎక్కించుకుని ఉంటే ఆ ఫోన్‌ను అలాగే ఉంచమనండి. ఆ మగ్గు కడగకుండా మూలన పడి ఉంటే కవర్లో పెట్టి పోలీసులకు ఇవ్వండి. బంగారాన్ని కరిగించే ఆమ్లం ఆనవాళ్లు ల్యాబ్‌లో తేలవచ్చు.

ఫిర్యాదు అమ్మ పేరుతోనే ఇవ్వండి, చూసింది ఆవిడే. ఆలస్యానికి నిజమైన కారణమే రాయండి. మొన్నటి తూకం చీటీ జతచేయండి. సాక్షిగా విచారించడానికి మహిళను స్టేషన్‌కు రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. కేసు కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లవచ్చు. వాట్సాప్‌లో తిరిగే దొంగల ఫోటోలు అమ్మకు చూపించకండి. రేపు గుర్తింపు పరేడ్ పెట్టి, వరసలో నిలబెట్టిన వాళ్లలోంచి దొంగను గుర్తుపట్టమంటే, ముందే ఫోటో చూసిందని నిందితుల తరఫు లాయర్లు పట్టుకునేది దాన్నే.

ఈలోగా తలుపుకు గొలుసు వేయించండి. ఇంటికొచ్చి మెరుగు పెడతామనే వాళ్లకు అది తీయవద్దని అమ్మకు చెప్పండి. గాజులు మాత్రం కేసు తేలేదాకా కరిగించి కొత్తవి చేయించకండి.