పిగ్గీబ్యాక్ బిగించే ముందు
చెన్నై

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. కారుకు పవర్ పెంచే పిగ్గీబ్యాక్ కంట్రోలర్ అనే పెట్టె బిగింపిస్తున్నావట. నిన్ను ఆపమని మీ అమ్మ ఫోను చేసింది. నేను ఆపను. కార్బ్యురేటర్ జెట్లు మార్చే రోజుల నుంచి అంబత్తూరులో ఇంజన్ల మధ్యే బతికినవాణ్ణి, ఆ ఆశ ఎలాంటిదో నాకు తెలుసు. అయితే ఆ పెట్టె ఏం చేస్తుందో పూర్తిగా అర్థం చేసుకోకుండా మాత్రం బానెట్ ఎత్తవద్దు.

ఇంజన్‌ను నడిపించే కంప్యూటరైన ఈసీయూలోని ప్రోగ్రామును అది ముట్టుకోదు. టర్బో ఇంజన్‌లోకి ఎంత ఒత్తిడితో గాలి నెడుతోందో చెప్పే సెన్సార్‌కూ ఈసీయూకూ మధ్య కూర్చుని, దారిలో మాట మార్చే దుబాసీలాగా పనిచేస్తుంది. నిజంగా 1.2 బార్ బూస్ట్ (టర్బో పెంచిన గాలి ఒత్తిడి) ఉంటే 1.0 అని చెబుతుంది. ఇంకా చాలలేదని ఈసీయూ టర్బోను మరింత తిప్పుతుంది. నీకు తెలిసే పికప్ అదే.

చిక్కేమిటంటే, ఈసీయూ ఆ ఒక్క అంకెను బూస్ట్ కోసమే వాడుకోదు. సిలిండర్లలోకి ఎంత గాలి వెళ్లిందో దాన్నిబట్టే లెక్క వేస్తుంది. గాలి తక్కువనుకుంటే పెట్రోలు తక్కువ పోస్తుంది. ఆ తేడాను ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే లాంబ్డా సెన్సార్ పట్టుకుని సరిచేయిస్తుంది కాబట్టి అది కొంతవరకు నయం. ఇగ్నిషన్ సంగతి అలా కాదు. లోడు తక్కువని నమ్మిన ఈసీయూ స్పార్కును ముందుకు జరుపుతుంది. అంటే సిలిండర్‌లో ఒత్తిడి పెరిగిన సమయంలోనే స్పార్కు ఇంకా తొందరగా పడుతుంది. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం దానంతటదే పేలినట్టు అంటుకునే నాకింగ్ పుట్టేది అక్కడే. నాక్ సెన్సార్ విని టైమింగ్ వెనక్కి లాగుతుంది, నిజమే. కానీ అది చివరి కాపలా. రోజూ దాని మీదే ఆధారపడేలా ఇంజన్‌ను నడపకూడదు. బూస్ట్ మితిమీరితే కోసేసే రక్షణ కూడా ఈ మార్చిన అంకెనే చూస్తుంది. మంచి పెట్టెలు రెండు మూడు సెన్సార్లను కలిపి చూసి ఈ తేడాలను కొంత సర్దుతాయి. ఒక్క తీగను మాత్రమే పట్టుకునే చౌక పెట్టె జోలికి పోవద్దు. కారు లోపాలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌లో గుచ్చితే చాలు, పవర్ పెరుగుతుందని అమ్మే బిళ్లల గురించి మాట్లాడుకోవడమే అనవసరం.

ఇప్పుడు నీ కారు సంగతి. 1.5 లీటర్ల టీఎస్ఐ (టర్బో పెట్రోలు) ఇంజన్, 150 పీఎస్ పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం). నువ్వు ఇంజన్ గురించే ఆలోచిస్తున్నావు, నా దిగులు గేరుబాక్సు గురించి. నీ ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్సు, ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్ రకం. దాని సామర్థ్యం 250 న్యూటన్ మీటర్లే, అంటే కంపెనీ నుంచి వచ్చేటప్పటికే అంచు మీద ఉంది. పైగా క్లచ్‌ను ఎంత గట్టిగా పట్టాలన్నది ఈసీయూ పంపే టార్కు లెక్కను చూసి గేరుబాక్సు కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఈసీయూకే అబద్ధం చెబితే అది గేరుబాక్సుకూ తక్కువ లెక్కే పంపుతుంది. అసలు టార్కు ఎక్కువ, పట్టు తక్కువ. క్లచ్ జారి వేడెక్కుతుంది. బెంగళూరు సిల్క్ బోర్డు జంక్షన్‌లో పాకుతూ వెళ్లే కారుకు ఆ వేడి అసలు తగదు.

అందువల్ల ఆర్‌పీఎంను (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లను) బట్టి బూస్ట్‌ను మార్చుకోగల పెట్టె మాత్రమే కొను. నీ ఇంజన్ 1,600 నుంచి 3,500 ఆర్‌పీఎం వరకు పూర్తి 250 ఇస్తుంది. అక్కడ ఒక్క చుక్క కూడా పెంచవద్దు. పైకి వెళ్లేకొద్దీ టార్కు పడిపోతుంది. 150 పీఎస్ అంటే 5,000 దగ్గర సుమారు 210, 6,000 దగ్గర సుమారు 175 మాత్రమే. గేరుబాక్సుకు ఇబ్బంది లేకుండా పవర్ పెంచుకునే చోటు ఉంటే అదే. ఒక్కసారిగా వీపు సీటుకు అతుక్కునే అనుభవం దీనితో రాదు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు మాత్రం తెలుస్తుంది. నాకైతే అదే అసలైన లాభం.

కింది ఆర్‌పీఎంలో పెంచవద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి) ఉన్న చిన్న టర్బో ఇంజన్లలో, తక్కువ వేగంలో భారీ లోడు పడితే స్పార్కుకు ముందే మిశ్రమం అంటుకోవచ్చు. అప్పుడు వచ్చే దెబ్బకు పిస్టన్ పగిలిన సందర్భాలు ఉన్నాయి. నాక్ సెన్సార్ వినేసరికి అంతా అయిపోతుంది. 2020లో వచ్చిన ఇంజన్ ఆయిల్ ప్రమాణం ఏపీఐ ఎస్‌పీలో ఈ ముప్పుకు సంబంధించిన పరీక్ష ఉండటానికి కారణం ఇదే. ఆయిల్ విషయంలో కంపెనీ చెప్పిన గ్రేడు దాటవద్దు, చెప్పినదానికన్నా ముందే మార్చు. ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద గేరులో ఉండి పెడల్ పూర్తిగా నొక్కవద్దు.

నువ్వు బెంగళూరులో సెట్ చేయించుకుని, పండుగకు హోసూరు, కృష్ణగిరి మీదుగా చెన్నై వస్తావు. మీ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి దాదాపు 0.91 బార్, ఇక్కడ 1.01. అదే ఒత్తిడి అందుకోవడానికి మీ దగ్గర టర్బో ఇంకా వేగంగా తిరగాలి. ఇక్కడ అంత తిరగనక్కరలేదు గానీ మే నెల ఎండకు ఇంజన్‌లోకి వెళ్లే గాలి కాగిపోతుంది, నాకింగ్ తొందరగా వస్తుంది. అందుకే మీ ఊరి చల్లటి ఉదయం పూట తెగేదాకా లాగిన సెట్టింగ్ నాకు వద్దు. పెట్రోలూ అంతే. నాకింగ్‌ను బాగా తట్టుకునే ఎక్స్‌పీ 100 లాంటి పెట్రోలు ప్రతి బంకులో దొరకదు. రోజూ పోయించుకునే పెట్రోలుకే సెట్ చేయించు.

పెట్టె కొనే ముందు మంచి ఓబీడీ అడాప్టర్ కొని, కారును ఉన్నదున్నట్టుగా నడిపి లాగ్ చెయ్యి, అంటే అంకెలు రికార్డు చెయ్యి. సిలిండర్‌వారీగా టైమింగ్ ఎంత వెనక్కి పోతోంది, ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలులో ఈసీయూ చేస్తున్న సర్దుబాటు) ఎంత, లోపలికి వెళ్లే గాలి వేడి ఎంత, అడిగిన బూస్ట్‌కూ వచ్చిన బూస్ట్‌కూ తేడా ఎంత, ఫ్యూయల్ రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు వెళ్లే పెట్రోలు ఒత్తిడి) ఎంత అన్నవి రాసిపెట్టుకో. ట్రిమ్ అటూ ఇటూ 5 శాతం లోపు ఉంటే ఆరోగ్యం. 10 దాటితే ముందు ఆ జబ్బు నయం చెయ్యి. ప్లగ్గులు కొత్తవి వేయించు. పెట్టె బిగించాక అతి తక్కువ సెట్టింగ్‌తో మొదలుపెట్టి ఇవే అంకెలు మళ్లీ చూడు. పి0234, పి0299, పి0087 కోడ్లలో ఏది వచ్చినా చెరిపేసి నడపవద్దు. మొదటిది బూస్ట్ మితిమీరిందని, రెండోది అందలేదని, మూడోది రైల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పేవి.

తీగలు కోసి అతికించడానికి ఎవరినీ ఒప్పుకోవద్దు. కంపెనీ కనెక్టర్‌కు సరిగ్గా అమరే హార్నెస్ (తీగల కట్ట) మాత్రమే వాడు. ఎగ్జాస్ట్ వేడికీ వాన నీటికీ దూరంగా కట్టు. పెట్టె తీసేసి నడపడానికి బైపాస్ ప్లగ్ ఇస్తారు, అది ఎప్పుడూ కారులోనే ఉండాలి.

వారంటీ విషయంలో దాపరికం వద్దు. సర్వీసుకు ముందు పెట్టె తీసేస్తే తెలియదని చెప్పేవాళ్ల మాట వినకు. ఈసీయూ నేర్చుకున్న విలువలు, దాచిపెట్టిన కోడ్లు లోపలే ఉండిపోవచ్చు. మోటారు వాహనాల చట్టంలో వాహనానికి చేసే మార్పుల గురించిన 52వ సెక్షన్ చదువు, ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పు. వాళ్లు కాదంటే ఆ పని వదిలెయ్యి, లేదా వారంటీ అయ్యేదాకా ఆగు.

పూర్తి థ్రాటిల్ పరీక్షలు అవుటర్ రింగు రోడ్డు మీద చేస్తే మాత్రం నేను నీతో మాట్లాడను. డైనో (కారును ఉన్నచోటే నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద చెయ్యి, లేకపోతే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌లో అనుమతి ఉన్న రోజు చూసుకుందాం, నేనూ వస్తాను. ఈలోగా పెట్టె లేకుండా తీసిన లాగ్ ఫైళ్లు నాకు పంపు. మూడో గేరులో తీసినవి విడిగా పెట్టు, వాటితో మొదలుపెడతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య