బుగ్గలు కాదు, వెన్ను చూడు

చిట్టితల్లీ,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తూ చెబితే సగమే తలకెక్కింది. కిడ్నీ జబ్బుతో పాపకి ఒళ్లు ఉబ్బడం మళ్లీ తిరగబెట్టింది, మళ్లీ స్టెరాయిడ్ మొదలుపెట్టారు, ఎవరో "ఆ మందు ఎముకల్ని తినేస్తుంది" అన్నారు. నువ్వు హడలిపోయి పిల్ల చేత ఆటలు మాన్పించేశావు, రోజుకి రెండు కాల్షియం బిళ్లలు మింగిస్తున్నావు. అంతేనా? భయపడ్డావని నేనేమీ అనను. ఆటలు మాన్పించినందుకు మాత్రం రెండు తిట్లు తినాల్సిందే.

ముందు అసలు మాట. మందు నీ అంతట నువ్వు తగ్గించకు, ఆపకు. చాలా వారాలు స్టెరాయిడ్ వాడిన ఒంట్లో, స్టెరాయిడ్‌ని సొంతంగా తయారుచేసే గ్రంథి నిద్రపోయి ఉంటుంది. ఉన్నట్టుండి మందు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. పైగా జబ్బు కూడా ఎముకకి శత్రువే. పాప మూత్రంలో ప్రొటీన్ పోతున్నప్పుడు, విటమిన్ డీని మోసుకు తిరిగే ప్రొటీన్ కూడా దాంతోపాటే పోతుంది. పేగుల వాపు, కీళ్ల వాపు ఉన్న పిల్లల్లో అయితే ఆ వాపే ఎముకని కరిగించే కణాల్ని ఉసిగొల్పుతుంది. అంచేత జబ్బు అదుపులో ఉండడమే ఎముకకి మొదటి మందు. డాక్టర్ని అడగాల్సింది "స్టెరాయిడ్ ఎప్పుడు ఆపుదాం" అని కాదు, "మోతాదు తగ్గించడానికి తోడుగా ఇంకో మందు ఉందా" అని. అలాంటివి ఉన్నాయి. అడగందే అందరూ చెప్పరు.

ఎముకంటే కట్టేసి వదిలేసిన గోడ కాదు. కరిగించే కణాలు ఒకపక్క, కట్టే కణాలు ఒకపక్క రోజూ పనిచేస్తూనే ఉంటాయి. స్టెరాయిడ్ ఆ కట్టేవాళ్లని నీరసపెడుతుంది. ఎదిగే వయసులో ఇది ఇంకా పెద్ద సంగతి. ఎత్తు జోరుగా పెరిగే రోజుల్లో, అటూ ఇటూ కలిపి రెండేళ్లలోనే, పెద్దయ్యాక ఉండే ఎముకలో సుమారు పావు వంతు చేరిపోతుంది. ఎముకలోకి ఖనిజం ఎక్కువగా చేరేది ఆడపిల్లలకి పన్నెండున్నర ఏళ్లప్పుడు, మగపిల్లలకి పద్నాలుగప్పుడు. మన పిల్లకి పదేళ్లు. అంటే అసలు కాలం ఇంకా ముందుంది. అందుకే ఈ తొందర.

ఇక నా తప్పొకటి చెప్తా. ఫిజియోథెరపిస్టుగా చేరిన కొత్తల్లో నా దగ్గరికి ఒక పిల్లాడొచ్చేవాడు, కీళ్ల జబ్బుకి స్టెరాయిడ్ వాడేవాడు. నడుం పట్టేస్తోందన్నాడు. పుస్తకాల సంచి బరువనుకున్నా. వ్యాయామాలు నేర్పి పంపించా. ఇంకో నెలకి వంగి చెప్పులు తొడుక్కోలేకపోయాడు. పక్కవాటుగా వెన్ను ఎక్స్‌రే తీస్తే మూడు పూసలు ముందువైపు నొక్కుకుపోయి ఉన్నాయి, అడుగున తడిసి కుంగిన పెట్టెల్లా. వాడు పడలేదు, జారలేదు, ఎవరూ కొట్టలేదు. ఆ రోజునుంచీ స్టెరాయిడ్ వాడే పిల్లలు నడుం అంటే నేను సంచి మాట ఎత్తలేదు.

చేయి విరిగితే ఇల్లంతా అరుస్తుంది. పూస కుంగితే చాలాసార్లు చప్పుడే ఉండదు, కొందరికి నొప్పి కూడా ఉండదు. కెనడాలో రక్త క్యాన్సర్ అప్పుడే తేలిన పిల్లలకి, చికిత్స మొదలైన తొలి రోజుల్లోనే వెన్ను ఎక్స్‌రే తీసి చూశారు. వందలో పదహారు మందికి పూసలు అప్పటికే కుంగి ఉన్నాయి. వాళ్లలో కొందరికి నడుం నొప్పే లేదు. స్టెరాయిడ్ దెబ్బ కూడా తరచు మొదటి ఏడాదిలోనే పడుతుంది. అందుకని మూడు నెలలకి మించి ఈ మందు నడుస్తుందంటే, మొదట్లో ఒకసారి, ఏడాది నిండాక మరోసారి వెన్ను పక్కవాటు ఎక్స్‌రే అవసరమా అని నోరు తెరిచి అడుగు. నొప్పి ఉందంటే ఆ గడువుల కోసం ఆగొద్దు.

మీ బంధువులంతా పిల్ల బుగ్గలు చూసి "బొద్దుగా ఉంది, ఆరోగ్యమే" అంటున్నారన్నావు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే అదే. ఆ బుగ్గలు మందు తెచ్చినవి. నువ్వు చూడాల్సింది ఎత్తు. గోడకి మడమలు ఆనించి, నెత్తిమీద అట్ట పెట్టి, మూడు నెలలకోసారి గీత గీసి తేదీ రాయి. గీత కదలకపోతే స్టెరాయిడ్ ఎదుగుదలని ఆపుతోందేమో, పూసలు కుంగుతున్నాయేమో డాక్టరు చూస్తారు. కిందికి దిగితే ఇంకేం ఆలోచించకుండా బయల్దేరు.

ఎముక ఎంత చిక్కగా ఉందో కొలిచే డెక్సా స్కాన్ చేయిస్తే కాగితం మీద రెండు అంకెలుంటాయి. టీ స్కోరు అనేదాన్ని కొట్టిపారెయ్. అది పెద్దవాళ్ల కోసం, ముప్ఫై ఏళ్ల ఎముకతో పోలుస్తుంది. పదేళ్ల పిల్లకి ఆ పోలికతో ఏడుపు తప్ప ఏమీ రాదు. చూడాల్సింది జెడ్ స్కోరు, తన వయసు పిల్లలతో పోలిక. అందులోనూ పొట్టి పిల్లలకి అంకె ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది, ఎత్తుకి తగ్గట్టు సరిచేశారా అని అడుగు. అంకె తక్కువ రాగానే పిల్లకి ఎముకల గుల్లతనం అని ముద్ర వెయ్యరు. మైనస్ 2 లేదా అంతకన్నా కిందికి పోయి, దానికి తోడు చేయి కాలు ఎముకలు పదేళ్లలోపు రెండుసార్లో, పంతొమ్మిదిలోపు మూడుసార్లో విరిగితేనే ఆ మాట. పెద్ద దెబ్బేమీ తగలకుండా వెన్నుపూస ఒక్కటి కుంగినా చాలు, అప్పుడు అంకెతో పనిలేదు.

కాల్షియం సంగతి. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వరకు రోజుకి 1000 మిల్లీగ్రాములు, తొమ్మిది నుంచి పద్దెనిమిది వరకు 1300. ఇది తిండితో కలిపిన లెక్క. పావు లీటరు పాలలో సుమారు 300 ఉంటుంది. తిండిలో ఎంత పడుతోందో ఒక వారం రాసుకో, తక్కువైనంత వరకే బిళ్ల. డబ్బా మీద 1250 కాల్షియం కార్బొనేట్ అని ఉంటే అందులో అసలు కాల్షియం 500. ఒకసారికి అంతకుమించి ఇస్తే ఒంటికి సరిగ్గా పట్టదు. తిండితో ఇవ్వు. ఐరన్ మందు ఉంటే దాన్ని వేరే పూట ఇవ్వు, రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. అన్నట్టు, కిడ్నీ పనిచేసే శక్తే తగ్గిన పిల్లలకి ఈ లెక్కలేవీ వర్తించవు, వాళ్లకి ఫాస్ఫరస్ గొడవ వేరే ఉంటుంది, డాక్టరు చెప్పిందే లెక్క.

విటమిన్ డీ రోజుకి 600 యూనిట్లు మామూలు అవసరం, జబ్బుంటే ఎక్కువ రాయొచ్చు. రక్తంలో మిల్లీలీటరుకి 20 నానోగ్రాములకి తగ్గకుండా చూస్తారు. ఉబ్బు ఉన్నప్పుడు చేయించిన పరీక్షలో అంకె మరీ తక్కువ వస్తే బెంబేలు పడకు. ఇందాక చెప్పానే, మోసే ప్రొటీన్ పోవడం, దానివల్ల కూడా అలా వస్తుంది. వారానికొకటి అని రాసిన పెద్ద మోతాదు మందుని రోజుకొకటి తాగించిన తల్లిని నేనెరుగుదును. వాంతులు, మలబద్ధకం, ఊరికూరికే మూత్రం. రక్తంలో కాల్షియం పెరిగిపోయింది. మంచిదే కదా అని పోసెయ్యకు.

మీ ఆడపడుచు కొడుకు ఫిట్స్ మందు వాడుతున్నాడుగా, ఆవిడకీ చెప్పు. ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్, కార్బమజెపిన్ లాంటివి ఒంట్లో విటమిన్ డీని తొందరగా ఖర్చు చేసేస్తాయి. అది విడిగా చూసుకోవాలి. నడవలేని, మాట్లాడలేని పిల్లలున్న ఇళ్లలో ఇంకో జాగ్రత్త. బట్టలు మార్చేటప్పుడు, కుర్చీలోంచి ఎత్తేటప్పుడు తొడ ఎముక విరగొచ్చు. వాళ్లు చెప్పలేరు. ముట్టుకుంటే ఏడవడం, కాలు వాచి వేడెక్కడం, అంతే తెలిసేది.

ఇక ఆటలు. ఎముకకి బరువు పడాలి, కుదుపు తగలాలి, అప్పుడే అది కట్టుకుంటుంది. మంచంలో పెట్టిన పిల్ల ఎముక తొందరగా పలచబడుతుంది. ఉబ్బు తగ్గి డాక్టరు సరే అనగానే తాడాట, పరుగు, గెంతులు, మెట్లు. ఈత గుండెకీ కండకీ మంచిదే, నీళ్లు బరువు మోసేస్తాయి గనుక ఎముకకి అంత పని ఉండదు. పూస కుంగిందని తేలితే మాత్రం పిల్లిమొగ్గలు, ముందుకి వంగి బరువులెత్తడం, ట్రాంపొలిన్ మీద ఎగరడం కొంతకాలం వద్దు. నడక అప్పుడు కూడా మానొద్దు.

ఇంకో రెండు మూడేళ్లకి పనికొచ్చే మాట. పదమూడు నిండినా రొమ్ము ఎదుగుదల మొదలవకపోతే అడుగు. మగపిల్లల్లో అయితే ఈడు గుర్తులకి గడువు పద్నాలుగు. దీర్ఘకాలం జబ్బున్న పిల్లల్లో ఈడు ఆలస్యం అవుతుంది, ఆ హార్మోన్లు లేనిదే ఎముక గట్టిపడదు. సిగ్గుపడి నాన్చకు.

ఎముక కరగకుండా నరంలోకి ఎక్కించే మందులున్నాయి, పామిడ్రోనేట్, జోలెడ్రోనేట్. అంకె తక్కువని ఇవ్వరు, విరిగినవాళ్లకి, తమంతట తాము కోలుకునే వీలు తక్కువున్నవాళ్లకి ఇస్తారు. ముందు విటమిన్ డీ, కాల్షియం సరిచేసి, పళ్లు చూపించుకోవాలి. మొదటిసారి ఎక్కించాక జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి, కంగారు పడొద్దు. నా దగ్గరికొచ్చిన ఆ పిల్లాడికి అవి అక్కర్లేకపోయింది. జబ్బు అదుపులోకొచ్చి, ఎదిగే వయసు ఇంకా మిగిలి ఉండటంతో కుంగిన పూసలు నాలుగేళ్లలో మళ్లీ నిలబడ్డాయి. రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే నాకు కళ్లు చెమర్చాయి.

వచ్చే నెల వస్తున్నా. ఈలోగా గోడ మీద మొదటి గీత గీసి, సెంటీమీటర్లు నాకు రాసి పంపు. పాపని అడుగు, రాత్రి పక్క మీద తిరిగేటప్పుడు నడుం ఎలా ఉంటోందని. నువ్వు జవాబు చెప్పకు, దాన్నే చెప్పనివ్వు.

నీ పెద్దమ్మ