జూలియా కొంటానంటున్న మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి సగంలో ఇటలీ కంపెనీ ఆల్ఫా రోమియో చేసే జూలియా సెడాన్‌ను మించిన బండి లేదన్నావు. రెండో సగానికి వచ్చేసరికి, కొన్నాక వర్క్‌షాపు చుట్టూ తిరగడమే సరిపోతుందేమోనని దిగులు పడ్డావు. ఉత్సాహం సరైన చోటే ఉందిగానీ అనుమానం మాత్రం దారి తప్పింది. ఇంజిన్ ఆగిపోతుందేమో, గేర్‌బాక్స్ పాడవుతుందేమో అంటున్నావు. ఈ బండిలో గట్టివి అవే. నిన్ను ఇబ్బంది పెట్టగలిగినవి నువ్వు ఒక్క మాట కూడా రాయని మూడు సంగతులు: డిక్కీలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ, టైర్లు, నీకు అందుబాటులో ఉన్న వర్క్‌షాపు. ఎక్కువగా వాటి గురించే రాస్తాను.

ముందు ఉత్సాహం సంగతి. 1992లో వెనక చక్రాల డ్రైవ్ ఉన్న ఆల్ఫా 75 తయారీ ఆగిపోయాక ఆ కంపెనీ సెడాన్లన్నీ ముందు చక్రాల డ్రైవ్ పునాది మీద కట్టినవే. 2015 జూన్ 24న, కంపెనీకి 105 ఏళ్లు నిండిన రోజున, మిలాన్ దగ్గర అరేజేలో జూలియా ముసుగు తీశారు. వెనక చక్రాల డ్రైవ్ అలా తిరిగొచ్చింది. ఫెరారీలో పనిచేసి వచ్చిన ఫిలిప్ క్రీఫ్ ఇంజినీరింగ్ బాధ్యత చూశాడు. జార్జో అనే కొత్త ప్లాట్‌ఫామ్‌ను, అంటే బండి అడుగు నిర్మాణాన్ని, మొదటి నుంచీ కట్టుకొచ్చారు. బరువు ముందూ వెనకా సగం సగం పడాలని పట్టుబట్టారు కాబట్టే బ్యాటరీ డిక్కీలోకి వెళ్లింది, వెనక చక్రాలకు శక్తి మోసే షాఫ్టు కార్బన్ ఫైబర్‌ది అయింది. ముందు సస్పెన్షన్ డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టుకుంటాయి. స్టీరింగ్ నిష్పత్తి 11.8:1, అంటే చేతిలో 11.8 డిగ్రీలు తిప్పితే చక్రం ఒక డిగ్రీ తిరుగుతుంది. చాలా సెడాన్లలో ఇంకా ఎక్కువ తిప్పాలి. మొదటిసారి నడిపేవాళ్లు మలుపులో అవసరానికి మించి తిప్పేసి, మళ్లీ కొంచెం వెనక్కి తెచ్చుకోవడం అందుకే. నీకూ అదే అవుతుంది, కంగారుపడకు. అరగంటలో చెయ్యి అలవాటు పడుతుంది.

ఏ వెర్షన్ తీసుకోవాలన్నది నీ అసలు ప్రశ్న. అన్నిటికంటే శక్తిమంతమైన క్వాడ్రిఫోలియో వెర్షన్ ముందు నీ కళ్లు చెదిరాయని తెలుస్తూనే ఉంది. 2.9 లీటర్ల వీ6, రెండు టర్బోలు, మొదట్లో 510 హార్స్‌పవర్, 600 న్యూటన్ మీటర్ల టార్క్, సున్నా నుంచి వందకు 3.9 సెకన్లు, గరిష్ఠ వేగం గంటకు 307 కిలోమీటర్లు. జర్మనీలోని నర్బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ చుట్టును 2015లో 7 నిమిషాల 39 సెకన్లలో, మరుసటి ఏడాది ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో 7 నిమిషాల 32 సెకన్లలో పూర్తిచేసింది. అంకెలు గొప్పవే. కానీ రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే బండిగా అది వద్దు. ముందు బంపర్ కింద గాలిని చీల్చే కార్బన్ పలక, కదిలే స్ప్లిట్టర్ ఉంటుంది, పార్కింగ్ గట్టుకు ఒక్కసారి గీసుకుందంటే నీ నెల బడ్జెట్ తలకిందులవుతుంది. బండి స్వభావాన్ని మార్చే డీఎన్ఏ నాబ్‌ను రేస్ మోడ్‌లో పెడితే, బండి జారకుండా కాచే స్టెబిలిటీ కంట్రోల్ పూర్తిగా ఆగిపోతుంది. తడి రోడ్డు మీద ఆ నాబ్ జోలికి పోవద్దు.

నా ఓటు 2 లీటర్ల టర్బో పెట్రోల్, 280 హార్స్‌పవర్ వెర్షన్‌కే. 400 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది, నాలుగు చక్రాల డ్రైవ్‌తో వందకు 5.2 సెకన్లు. రోడ్డు మీద అంతకుమించి వాడే చోటు నీకు దొరకదు. డబ్బు మిగిలితే రెండు ఆప్షన్ల మీద పెట్టు: ఒక వెనక చక్రం ఊరికే తిరిగిపోకుండా చూసే మెకానికల్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, గట్టిదనం మార్చుకోగల అడాప్టివ్ డ్యాంపర్లు. ఈ డ్యాంపర్లుంటే డీఎన్ఏ నాబ్ మధ్యలో ఒక బటన్ ఉంటుంది. ఇంజిన్‌ను డైనమిక్ మోడ్‌లో చురుగ్గా ఉంచుకుని, ఆ బటన్ నొక్కి సస్పెన్షన్‌ను మాత్రం మెత్తబరచవచ్చు. గతుకుల రోడ్డు మీద దాని విలువ తెలుస్తుంది. పెద్ద చక్రాల మోజులో పడి ఈ రెండూ వదిలేసుకోకు. డీజిల్ అంటావా, రోజుకు పది కిలోమీటర్లు తిరిగేవాళ్లకు పనికిరాదు. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ శుభ్రపడాలంటే బండి మధ్యమధ్య ఇరవై నిమిషాలైనా ఆగకుండా మంచి వేగంతో సాగాలి. మాన్యువల్ గేర్ కావాలన్నావు. కుడివైపు స్టీరింగ్ ఉన్న బండ్లకు అది ఇవ్వలేదు, ఆటోమేటిక్ ఒక్కటే. బాధపడాల్సిన పనిలేదు. జడ్‌ఎఫ్ కంపెనీ 8 స్పీడ్ గేర్‌బాక్స్, గేరు మార్చడానికి స్టీరింగ్ వెనక కదలకుండా నిలబడి ఉండే పొడవాటి అల్యూమినియం ప్యాడిళ్లు. వేళ్లకు చల్లగా తగిలే ఆ లోహం కోసమే కొందరు ఈ బండి కొంటారు.

ఇప్పుడు బ్యాటరీ. జూలియా మీటర్లో ఒకేసారి అయిదారు హెచ్చరిక దీపాలు వెలిగిన ఫొటోలు చూసి భయపడ్డావు కదా. స్టీరింగ్, బ్రేకులు, ఏబీఎస్, స్టార్ట్ స్టాప్, అన్నీ కలిసి చెడిపోయినట్టు కనిపిస్తుంది. చాలాసార్లు అసలు తప్పు ఒక్కటే, బ్యాటరీ వోల్టేజి పడిపోవడం. ఈ బండిలో బ్రేకులతో సహా చాలా పనులు కంప్యూటర్ల చేతిలో ఉన్నాయి. స్టార్ట్ చేసే క్షణంలో వోల్టేజి బాగా దిగితే ఒక్కో కంప్యూటరూ ఒక్కో ఫిర్యాదు రాసుకుంటుంది. దాన్ని చూసి హడావుడిగా సెన్సర్లు మార్చేస్తే డబ్బు పోతుందిగానీ జబ్బు పోదు. వర్క్‌షాపులో మొదటి మాట "ముందు బ్యాటరీని లోడ్ టెస్ట్ చేయండి" అన్నదే కావాలి, అంటే భారం పెట్టి వోల్టేజి నిలుస్తుందో చూడమని.

నువ్వు ఇంట్లోనే చేయగలిగింది ఇది. బండి ఆపి తాళం వేసి నాలుగు గంటలు వదిలెయ్. తర్వాత మల్టీమీటర్ పెట్టి చూడు. 12.7 వోల్టుల దాకా ఉంటే నిశ్చింత. 12.4కు దిగితే ఛార్జర్ పెట్టాలి. 12.2 కంటే తక్కువ తరచూ కనిపిస్తుంటే బ్యాటరీ వయసు అయిపోవచ్చింది. మీటర్ తీసే ఓపిక లేకపోతే ఇంకో గుర్తుంది: సిగ్నల్ దగ్గర ఇంజిన్‌ను తనంతట ఆపి మళ్లీ నడిపే స్టార్ట్ స్టాప్ పనిచేయడం మానేస్తుంది. బ్యాటరీ బలహీనపడుతోందని బండి చెప్పే తొలి మాట చాలాసార్లు అదే. వారానికి రెండు మూడుసార్లు చిన్న దూరాలే తిరిగితే ఆల్టర్నేటర్‌కు నింపే సమయం చాలదు. అప్పుడు ఏజీఎం (ఈ బండిలో ఉండే బ్యాటరీ రకం) మోడ్ ఉన్న స్మార్ట్ ఛార్జర్ కొని నెలకోసారి రాత్రంతా పెట్టు. ఛార్జర్ నెగెటివ్ క్లిప్‌ను బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌కు కాకుండా బాడీ ఎర్త్ బోల్టుకు తగిలించు. టెర్మినల్ మీద కూర్చున్న చిన్న సెన్సర్ లోపలికి వచ్చిన ఛార్జిని లెక్కపెడుతుంది. దాన్ని దాటేసి నింపావంటే బ్యాటరీ నిండినా లెక్క తప్పుతుంది. మార్చాల్సి వస్తే అదే కొలత ఏజీఎం బ్యాటరీయే వేయించు, మామూలుది చవకగా వస్తుందని ఆశపడకు. ఇంకో మెలిక ఉంది. డిక్కీ తెరుచుకునేది కరెంటుతో, బ్యాటరీ ఉన్నది డిక్కీలో. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే దాని దగ్గరికి ఎలా చేరాలో మాన్యువల్లో ఉంటుంది. ఆ పేజీ బండి ఇంటికొచ్చిన రోజే చదువు, చీకట్లో ఫోన్ వెలుగులో కాదు.

టైర్లు. చల్లటి ఉదయం పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలిస్తే ముందు చక్రాలు టకటకమని గెంతినట్టు అవుతాయి. ఏదో విరిగిందనుకుంటారు. విరిగింది ఏమీ లేదు. పూర్తి మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు వృత్తాల్లో తిరగాలి. ఈ బండి ముందు సస్పెన్షన్ కొలతలు వేగంలో పట్టు కోసం పెట్టినవి, పార్కింగ్ కోసం కాదు. అందువల్ల ఒక టైరు కొంచెం పక్కకు జారాల్సి వస్తుంది. వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కంటే చలి పడితే గట్టిపడుతుంది, సాఫీగా జారక పట్టి వదులుతుంది. ఆ శబ్దం అదే. స్టీరింగ్ చివరిదాకా కాకుండా కొంచెం ముందే ఆపి తిప్పు. చలి ఎక్కువైతే చలికాలపు టైర్లు వేసుకో, సమస్య చాలావరకు తగ్గిపోతుంది.

క్వాడ్రిఫోలియో కాని వెర్షన్లలో 19 అంగుళాల చక్రాలుంటే ఎక్కువగా ముందు 225/40, వెనక 255/35 టైర్లుంటాయి (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు). వెడల్పు వేరు కాబట్టి ముందువి వెనక్కి మార్చి అరుగుదల సమం చేసుకునే వీలు లేదు. రెండేసి టైర్లుగానే కొనాలి. నాలుగు చక్రాల డ్రైవ్ ఉంటే ముందూ వెనకా అరుగుదలలో పెద్ద తేడా రానీయకూడదు. చుట్టుకొలత మారితే, ముందు చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఎడతెగని భారం పడుతుంది. అరుగుదల చూడాలంటే బయటి అంచు చూసి సరిపెట్టుకోకు. స్టీరింగ్ పక్కకు తిప్పి, వంగి, లోపలి అంచు మీద వేలు పెట్టి చూడు. బయట గాడులు నిండుగా ఉండి లోపల తీగలు బయటపడే స్థితి వచ్చిందంటే అలైన్‌మెంట్‌లో టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పిందన్నమాట. టైరు గోడ మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. షోరూమ్‌లో ఎక్కువ కాలం నిలబడిన బండి ఇస్తున్నారేమో అక్కడే దొరికిపోతుంది. చాలా వెర్షన్లలో స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్టే గతి. దాంతో గోడ చీలిక పూడదు కాబట్టి దూర ప్రయాణానికి ముందు ఏర్పాటు చేసుకో.

బ్రేకుల గురించి ఒక హెచ్చరిక. పెడల్‌కూ నూనె ఒత్తిడికీ మధ్య నేరు సంబంధం లేదు. నువ్వు తొక్కేది ఒక స్ప్రింగును, ఒత్తిడి పుట్టించేది ఎలక్ట్రిక్ మోటారు. వేగంలో బ్రహ్మాండంగా ఆగుతుంది. 20, 30 కిలోమీటర్ల వేగంలో మాత్రం కొందరికి ముక్కు నేలకేసి కొట్టినట్టు అనిపిస్తుంది. అందుకని టెస్ట్ డ్రైవ్‌లో ఖాళీ చోట 30 నుంచి పదిసార్లు మెల్లగా ఆపి చూడు. పదోసారికి నీ పాదం సర్దుకుంటే సరే. సర్దుకోకపోతే రోజూ ట్రాఫిక్‌లో విసుగే. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించు, ఆ పని డయాగ్నస్టిక్ కంప్యూటర్ ఉన్న చోటే చేయించు.

ఇంజిన్ ఆయిల్ విషయంలో పిసినారితనం కూడదు. 2 లీటర్ల ఇంజిన్లో మల్టీఎయిర్ ఉంది. గాలి లోపలికి వెళ్లే వాల్వులను ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితోనే తెరుస్తుంది. సన్నటి దారుల్లో ఆ ఆయిల్ పారాలి. పాతబడినా, మట్టం తగ్గినా, గ్రేడు తప్పినా మొదట బాధపడేది ఆ భాగమే. మాన్యువల్లో రాసిన ఆయిలే పోయించు, బండి ఎంత తక్కువ తిరిగినా ఏడాదికోసారి మార్పించు, నెలకోసారి మట్టం చూసుకో. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం ఉంటుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు మార్చమని తయారుచేసిన జడ్‌ఎఫ్ వాళ్లే చెబుతారు. ఫిల్టరు అడుగున ఉండే ప్లాస్టిక్ పాన్‌లోనే కలిసి ఉంటుంది, పాన్ మొత్తం కొత్తది వేయాలి. ఆయిల్ మట్టాన్ని ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడే సరిచూడాలి. చల్లటి ఇంజిన్‌తో పోసి మూత బిగించేవాళ్లకు బండి ఇవ్వకు.

అలాంటివాళ్లను కనిపెట్టడమే మూడో సంగతి. షోరూమ్‌కు వెళ్లేముందు వర్క్‌షాపుకు వెళ్లు. జూలియాలు నెలకు ఎన్ని వస్తాయి, మెకానిక్‌లలో ఎవరికి ఆ బండి మీద శిక్షణ ఉంది, బ్రేక్ ప్యాడ్లు స్టాకులో ఉంటాయా లేక తెప్పించాలా, ముందు హెడ్‌లైటు పగిలితే రావడానికి ఎన్ని రోజులు. చివరి ప్రశ్నకు వాళ్లిచ్చే జవాబుతో సగం తేలిపోతుంది. ఇటీవలి బండ్లలో బయటి పరికరాలను కంప్యూటర్లలోకి రానీయని సెక్యూరిటీ గేట్‌వే ఉండటంతో బయటి మెకానిక్ స్కానర్ తప్పులను చదవగలదేగానీ, అనుమతి లేకుండా చెరిపేయలేదు. కాబట్టి మన వీధి మెకానిక్ చూసుకుంటాడులే అనుకుంటే కుదరదు. బండి నీకు ఇచ్చే ముందు అన్ని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లూ వేసినట్టు, ఛాసిస్ నంబరు మీద రీకాల్ పనులేవీ (లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచి చేసే పనులు) మిగల్లేదని కాగితం మీద రాయించుకో.

పాతది తీసుకునే ఆలోచనా ఉందన్నావు. అయితే 2020 మోడల్ నుంచి చూడు. అంతకుముందువాటిలో తెర టచ్ కాదు, నాబ్‌తోనే పని. కొత్తగా ఉన్నప్పుడూ అది చలాకీగా కదిలేది కాదు.

మీ అమ్మ భద్రత గురించి అడిగిందన్నావు. 2016లో యూరప్‌లో కార్లను గుద్ది చూసే యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలొచ్చాయని, పెద్దవాళ్ల రక్షణకు 98 శాతం ఇచ్చారని చెప్పు. వెనక సీటు గురించి మాత్రం తనను తీసుకెళ్లి కూర్చోబెట్టే తేల్చుకో. తలుపు సందు ఇరుకు, తల వంచి ఎక్కాలి. డిక్కీ 480 లీటర్లని రాసినా నోరు చిన్నది, పెద్ద సూట్‌కేసు పట్టుకెళ్లి పెట్టి చూడు.

టెస్ట్ డ్రైవ్ ఒక్కసారితో సరిపెట్టకు. మొదటిసారి ఎవరికైనా మలుపులే గుర్తుంటాయి. రెండోసారి పొద్దున్నే, ఇంజిన్ రాత్రంతా చల్లబడి ఉన్నప్పుడు వెళ్లు. నువ్వు రాకముందే స్టార్ట్ చేసి ఉంచవద్దని ముందుగా చెప్పు. ఆ రోజు పార్కింగ్, ట్రాఫిక్, గతుకులు, రివర్స్, ఇవే చెయ్. అది అయ్యాక నాలుగు టైర్ల తేదీ కోడ్‌లు, బ్యాటరీ వోల్టేజి, హెడ్‌లైటు గురించి వర్క్‌షాపు ఇచ్చిన జవాబు నాకు రాసి పంపు. ఎరుపా నీలమా అన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.

మీ మామయ్య